గిటార్ బుర్ర నేల మీద ఉంది

కరెంటు పోయినప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ వాయించి చూడండి. వేళ్లు కదులుతాయి, తీగలు కదులుతాయి, వాయించేవాడి ముఖంలో హావభావాలకూ లోటుండదు. శబ్దం మాత్రం రబ్బరు బ్యాండు లాగి వదిలినంత. పక్క గదిలోవాళ్లకు మీరు వాయిస్తున్న సంగతే తెలీదు. అదే చీకట్లో ఎవరైనా వీణ అందుకుంటే ఇల్లంతా వినిపిస్తుంది. వీణకు పనసచెక్కలో తొలిచిన కుండ ఉంది. తంబురాకు బుర్ర ఉంది. బుర్రకథకు ఆ పేరు తెచ్చిందీ ఆ బుర్రే. తీగ సన్నది కాబట్టి గాలిని పెద్దగా కదపలేదు. దాని కంపనాన్ని అందుకుని, తన సొంత తీరు కొంత కలిపి, గాలికి అప్పజెప్పే పని కుండదీ బుర్రదీ. ఒకే తీగ ఒక బుర్ర మీద తియ్యగా, ఇంకో బుర్ర మీద డొల్లగా పలికేది అందుకే.

ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లు నిండు చెక్క. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పికప్ అంటే అదే. ఇనుప తీగ కదిలితే ఆ చుట్లలో చిన్న వోల్టేజి పుడుతుంది. గిటార్ చేసే పని అంతవరకే. అలాగని దాన్ని బుర్రలేని వాయిద్యం అనడానికి లేదు. బుర్ర పదడుగుల వైరుకు అవతల, నేల మీద ఆంప్ అనే నల్లపెట్టెలో ఉంటుంది. 12 అంగుళాల కాగితపు కోన్ అది.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కచేరీలు విన్నవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన వాయించింది ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మామూలు మాండలిన్ తీగ మీటగానే తేలిపోతుంది, గమకం పూర్తయ్యేదాకా నిలవదు. విద్యుత్తు తోడైతే నిలుస్తుంది. ఆ గమకాలు జనం చెవిన పడింది ప్రతిసారీ ఏదో ఒక కోన్ మీదుగానే.

ఈ ముక్క నా తలకెక్కడానికి ఆరేళ్లు పట్టింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 15 వాట్ల వాల్వు ఆంప్ ఒకటుంది నా దగ్గర, అదే పెట్టెలో ఒక 12 అంగుళాల స్పీకర్. ఆరేళ్లలో గిటార్ మార్చాను. పికప్‌లు మార్చాను. కాలికింద పెడళ్లు బడ్డీకొట్టు సీసాల్లా వరస కట్టాయి. శబ్దంలో ఏదో ఇరుకు మాత్రం పోలేదు. తీగ గట్టిగా మీటితే లోపలెక్కడో డబ్బా మూత మూసినట్టుండేది. స్పీకర్ మీదికి నా ధ్యాస ఎన్నడూ పోలేదు. గుడ్డ చాటున ఉంటుంది కదా, కంటికి ఆనదు.

చివరికి గరగర మొదలయ్యాక, హైదరాబాద్ కోఠి దగ్గర ఒక సందులో మైక్‌సెట్ల స్పీకర్లు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్లాను. పెళ్లిపందిళ్లలో, వినాయక మండపాల్లో చిరిగిన కోన్‌లన్నీ అతని ముందు ఇడ్లీ రేకుల్లా దొంతర పెట్టి ఉన్నాయి. నా స్పీకర్ ఊడదీసి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. రెండు చేతుల వేళ్లూ కోన్ మీద చెరోపక్క ఆనించి, సమానంగా, మెల్లగా కిందికి నొక్కి వదిలాడు. చెవి దగ్గర పెట్టి మళ్లీ నొక్కాడు. గరుకు కాగితం మీద గోరు గీసినట్టు సన్నటి చప్పుడు.

“రాస్తున్నది సార్ కాయిల్,” అన్నాడు.

ఆ ఒక్క మాటలో స్పీకర్ నిర్మాణమంతా ఉంది. కోన్ మెడ దగ్గర ఒక గొట్టం, దాని మీద రాగి చుట్లు. అదే వాయిస్ కాయిల్. ఆ గొట్టం అయస్కాంతంలోని గుండ్రటి సందులో వేలాడుతుంది. అటూ ఇటూ ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే. కాయిల్‌లో కరెంటు ఒక దిక్కున పారితే కోన్ ముందుకు వస్తుంది, ఎదురు దిక్కున పారితే వెనక్కి పోతుంది. గిటార్ అడుగు తీగ సెకనుకు 82 సార్లు ఊగితే కోన్ కూడా 82 సార్లు ఊగాలి. సందు మధ్యలోనే, పక్కలకు తగలకుండా ఊగడానికి మెడ దగ్గర ముడతలు పెట్టిన గుడ్డ ఒకటి పట్టి ఉంచుతుంది. దాన్ని మెకానిక్కులందరూ స్పైడర్ అనే అంటారు. ఈ ఏర్పాటును ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చింది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. వాళ్ల పరిశోధన పత్రం 1925లో వచ్చింది. నూరేళ్లలో ట్రాన్సిస్టర్ వచ్చింది, చిప్ వచ్చింది, పాట క్యాసెట్లోంచి ఫోన్లోకి దూరింది. కాగితం, రాగి చుట్టు, అయస్కాంతం మాత్రం అలాగే ఉన్నాయి.

అతను ఒక పెన్సిల్ సెల్ తీసి స్పీకర్ టెర్మినళ్లకు అలా తాకించాడు. కోన్ టప్పుమని ముందుకు దూకింది. కాయిల్ తెగలేదు, ప్లస్సు మైనస్సు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత చిన్న ఆంప్ బోర్డు తగిలించి తన ఫోన్‌లోంచి ఒక సినిమా పాట పెట్టాడు. అర నిమిషం విని ముఖం చిట్లించాడు.

“ఏం స్పీకర్ సార్ ఇది! మనిషి దుప్పటి కప్పుకొని పాడుతున్నట్టున్నది.”

“అది గిటార్ స్పీకర్ అన్నా, పాటలకు కాదు.”

“గిటార్ కూడా పాటే గద సార్?”

మంచి ప్రశ్నే వేశాడు. ఇంటికొచ్చేదాకా దాని గురించే ఆలోచించాను.

పాటలు వినే స్పీకర్ కొలమానాలతో చూస్తే గిటార్ స్పీకర్ పరీక్ష తప్పినట్టే. మన చెవికి వినిపించేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. గిటార్ స్పీకర్ 75, 80 హెర్ట్జ్ దగ్గర మొదలై 5,000 దాటగానే కొండ అంచు నుంచి జారినట్టు పడిపోతుంది. దానికి ట్వీటర్ ఉండదు. గాయకుడి గొంతులో ‘స’, ‘శ’ల గాలి, తాళాల మెరుపు, ఇవన్నీ 5,000 పైన ఉంటాయి కాబట్టి పాటకు దుప్పటి కప్పినట్టవుతుంది. పలికే మేర కూడా సమతలంగా ఉండదు. 2,000 నుంచి 4,000 మధ్య ఒక గుట్ట, దాని ముందు ఒక పల్లం. ఆ గుట్ట ఎక్కడుందో, ఎంత ఎత్తో, ఆ స్పీకర్ గొంతు అది. మన చెవి చురుగ్గా ఉండేది కూడా ఆ ప్రాంతంలోనే. అందుకే చిన్న తేడా కూడా పట్టుబడుతుంది.

మరి ఈ లోపం దేనికి? ఆంప్‌ను దాని శక్తికి మించి తోస్తే తరంగాల తలలు తెగుతాయి. గుండ్రటి తరంగం చదునైన తల ఉన్న తరంగం అవుతుంది. తెగిన చోటల్లా కొత్త పైస్వరాలు పుట్టుకొస్తాయి, 10,000 దాటి కూడా. రాక్ గిటార్ గర్జన అంటే అదే. ఆ గర్జనను తిన్నగా హైఫై స్పీకర్‌లోకి పంపితే అగ్గిపెట్టెలో కందిరీగను బంధించినట్టుంటుంది. గిటార్ స్పీకర్ ఆ పైభాగాన్ని కత్తిరించి పారేస్తుంది. దుప్పటి వల్ల పాట చెడింది, అదే దుప్పటి వల్ల గిటార్ బాగుపడింది. గిటార్ స్పీకర్‌ను ‘అప్‌గ్రేడ్’ చేయడమంటే లోపాలు లేని స్పీకర్ తేవడమని చాలామంది అనుకుంటారు. మన చేతికీ మన ఆంప్‌కూ నప్పే లోపమున్న స్పీకర్‌ను వెతుక్కోవడం అది.

లోపం పుట్టేది ప్రధానంగా కాగితంలో. మంద్రంలో కోన్ మొత్తం ఒక్క ముక్కలా ముందుకూ వెనక్కూ కదులుతుంది. సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక అలా కదలలేదు. మెడ దగ్గర పుట్టిన అల అంచుకు చేరేలోపు మెడ వెనక్కి తిరిగేస్తుంది. కోన్‌లో ఒక భాగం ముందుకు పోతుంటే ఇంకో భాగం వెనక్కి వస్తుంది. ఇంజనీర్లు దీన్ని బ్రేకప్ అంటారు. హైఫై తయారీదారు దీన్ని అణచడానికి నానా తంటాలు పడతాడు. గిటార్ స్పీకర్ తయారీదారు దీన్నే పోషిస్తాడు. కాగితపు గుజ్జులో ఏ పీచు ఎంత కలపాలి, కోన్ ఎంత మందం ఉండాలి, ఎన్ని గట్లు అచ్చు వేయాలి, అంచున జిగురు ఎంత పూయాలి, మధ్యలో టోపీ ఎంత పెద్దది పెట్టాలి అన్నవన్నీ ఆ గజిబిజి కదలికను మచ్చిక చేసుకునే మార్గాలే.

మనకిది పరాయి విద్యేమీ కాదు. మృదంగం కుడివైపు తోలు మధ్యలో ఆ నల్లటి మచ్చ ఎందుకుందో తలచుకోండి. వట్టి తోలు మీద కొడితే వచ్చే పైస్వరాలు ఒకదానికొకటి పొసగవు, అది చప్పుడే అవుతుంది గానీ శ్రుతి అవ్వదు. మధ్యలో బరువు పొరలు పొరలుగా పూస్తే పైస్వరాలు వరసలోకి వస్తాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ ఈ సంగతినే పట్టుకుని 1920లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. కోన్ అంచున జిగురు పూసేవాడి ఉద్దేశం శ్రుతి చేయడం కాదు, అంచుకు చేరిన అల తిరిగి రాకుండా పీల్చేయడం. అయినా ఇద్దరూ కంపించే పొర మీద ఎక్కడ ఎంత బరువు పెట్టాలో చేత్తో, చెవితో నేర్చుకున్నవాళ్లే.

కోన్‌ను కావాలని పాడుచేసిన ఘనులూ ఉన్నారు. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌లోని సామ్ ఫిలిప్స్ స్టూడియోకి రికార్డింగుకు బయల్దేరింది. దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ ఆంప్ దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు చెబుతారు. స్పీకర్ కోన్ పాడైంది, బాగుచేయించే వ్యవధి లేదు. ఫిలిప్స్ అందులో కాగితం కుక్కి వాయించమన్నాడు. బొంగురుగా, ఎవరో సాక్సఫోన్ ఊదుతున్నట్టు వచ్చిన ఆ శబ్దం ‘రాకెట్ 88’ రికార్డులో అలాగే ఉండిపోయింది. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డు అదేననేవాళ్లు చాలామంది. ఇక 1964లో కింక్స్ బృందంలో డేవ్ డేవీస్ తన చిన్న ఎల్పికో ఆంప్ కోన్‌ను గడ్డం గీసుకునే బ్లేడుతో చీల్చాడు. ‘యూ రియల్లీ గాట్ మీ’లో గిటార్ అలా కరుస్తున్నట్టుండడానికి కారణం ఆ బ్లేడు గాట్లే. ప్రమాదంగా వచ్చినదాన్ని పదమూడేళ్లకు ఒక కుర్రాడు కావాలని తెచ్చుకున్నాడు.

బ్లేడు పట్టనివాళ్ల కోసం కంపెనీలు వేర్వేరు గొంతులు తయారుచేసి పెట్టాయి. మూడు వంశాలు ముఖ్యం. అమెరికాలో ఫెండర్ ఆంప్‌లకు షికాగో కంపెనీ జెన్సెన్ స్పీకర్లు వచ్చేవి. 1950ల చివర్లో ఫెండర్ బాస్‌మన్‌లో 10 అంగుళాల జెన్సెన్లు నాలుగు. గంట కొట్టినట్టు స్పష్టంగా, పైన మిలమిల. ఇంగ్లండ్‌లో వాక్స్ ఏసీ30లో రెండు సెలెస్టియన్ బ్లూలు, ఒక్కోటి 15 వాట్లే. వాటి పైస్వరాల్లో చిక్కటి మోత. మూడోది జిమ్ మార్షల్ కథ. లండన్ పశ్చిమాన డ్రమ్ములు అమ్ముకునే ఆయన, ఆంప్‌లు కావాలని వచ్చే గిటార్ కుర్రాళ్ల గొడవ పడలేక 1960ల మొదట్లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా తన ఆంప్ తయారుచేశాడు. పెట్టె విషయంలో మాత్రం ఫెండర్ దారిన పోలేదు. వెనక మూసేసిన పెట్టెలో 12 అంగుళాల సెలెస్టియన్లు నాలుగు బిగించాడు. అప్పటి స్పీకర్లకు ఒక్కొక్కదానికి తాహతు తక్కువ, నాలుగు కలిస్తే తట్టుకుంటాయి. 1960ల నడుమ వాటి స్థానంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ టోపీ పెట్టుకున్న జి12ఎం వచ్చింది. జనం గ్రీన్‌బ్యాక్ అన్నారు. హెండ్రిక్స్, క్లాప్టన్ కాలపు రాక్ గిటార్ అనగానే మన చెవిలో మోగేది చాలావరకు ఆ ఆకుపచ్చ టోపీ గొంతే.

బ్లూకూ గ్రీన్‌బ్యాక్‌కూ మధ్య మారింది ముఖ్యంగా అయస్కాంతం. బ్లూలో ఉన్నది అల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. కోబాల్ట్ ఖరీదు. ఇనుప ఆక్సైడుతో కాల్చి చేసే సిరామిక్ చవక. ఈ రోజుకీ బజారులో ఎక్కువ కనిపించేది సిరామిక్. 1980లలో వచ్చిన నియోడిమియం ఇంకా బలమైనది. 12 అంగుళాల సిరామిక్ స్పీకర్ నాలుగైదు కిలోలుంటే నియోడిమియంది దాదాపు సగం తూగుతుంది. ఆంప్ మోసుకుని మెట్లెక్కేవాళ్లకు ఇది చిన్న మాట కాదు. అల్నికో గట్టిగా వాయించినప్పుడు మెత్తగా లొంగుతుందని, సిరామిక్ మొండిదని గిటారిస్టులు ప్రమాణం చేసి చెబుతారు. నన్నడిగితే, కోన్ కాగితం తెచ్చే తేడా ముందు అయస్కాంతం తేడా చిన్నదే. పాత అల్నికోకు చెల్లించే ధరలో సగం దాని పేరుకే పోతుంది.

ఇప్పుడు లెక్కలు. స్పీకర్ వెనక రాసి ఉండే సంఖ్యల్లో జనం ముందు చూసేది వాట్లు, ముందు చూడాల్సింది డెసిబెల్స్. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎంత మోగుతుందన్నది దాని సెన్సిటివిటీ. గ్రీన్‌బ్యాక్‌కు 98 డెసిబెల్స్, సెలెస్టియన్‌వే ఇంకో రెండు, వింటేజ్ 30కి 100, జి12టి-75కి 97. పైకి చూస్తే 97కూ 100కూ ఏం తేడా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు, రెట్ల లెక్క. 3 డెసిబెల్స్ పెరగడమంటే శక్తి రెట్టింపవడం. 97 స్పీకర్ తీసి 100 స్పీకర్ పెడితే నా 15 వాట్ల ఆంప్ 30 వాట్ల ఆంప్‌లా మోగుతుంది, ఒక్క వాల్వు ముట్టుకోకుండా. మరి చెవికి రెట్టింపు అనిపిస్తుందా అంటే, అనిపించదు. చెవి పిసినారిది. దానికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి. అయినా డ్రమ్ముల మధ్యలోంచి గిటార్ పైకి రావడానికి ఆ మూడు చాలు. ఇందుకు తలకిందుల అవసరమూ ఉంటుంది. అపార్ట్‌మెంటులో వాల్వు ఆంప్‌ను బాగా పెంచితే గానీ రుచి రాదు, పెంచితే కింది ఫ్లాటువాళ్లు పైకొస్తారు. అలాంటప్పుడు తక్కువ డెసిబెల్స్ స్పీకరే తెలివైన కొనుగోలు.

వాట్లు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పవు. ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతాయి. గిటార్ స్పీకర్ మంచి సమర్థతతో పనిచేసినా, అందిన విద్యుత్తులో శబ్దంగా మారేది నూటికి ఐదారు పాళ్లే. మిగతాదంతా కాయిల్‌లో వేడి. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. కాయిల్ 180 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం 70 శాతం పెరిగినట్టు. కచేరీ సగానికి వచ్చేసరికి ఆంప్ కాస్త తగ్గినట్టు అనిపిస్తే మీ చెవి మొద్దుబారడంతో పాటు ఇదీ ఒక కారణం. ఇంకో చిక్కుంది. ఆంప్ మీద రాసిన 15 వాట్లు శుభ్రమైన తరంగానికి వేసిన లెక్క. తలలు తెగి చదునైన తరంగంలో, అదే ఎత్తుకు, రెట్టింపు శక్తి ఉంటుంది. కాబట్టి గర్జించే ఆంప్‌కు దాని వాట్లకు కనీసం ఒకటిన్నర, రెండు రెట్లు తట్టుకునే స్పీకర్ ఉండాలి. పేర్లను నమ్మొద్దు. 1980ల నడుమ వచ్చిన వింటేజ్ 30 తట్టుకునేది 30 వాట్లు కాదు, 60.

ఓమ్‌ల దగ్గర మాత్రం సాహసాలు వద్దు. స్పీకర్ల మీద 4, 8, 16 అని ఉంటుంది. మీటరు పెడితే 8 ఓమ్‌ల స్పీకర్ ఆరున్నరో ఏడో చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. మీటరు చూపేది కదలని కాయిల్ నిరోధం. ట్రాన్సిస్టర్ ఆంప్‌కు చెప్పినదానికంటే తక్కువ ఓమ్‌లు తగిలిస్తే ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది, ఎక్కువ తగిలిస్తే శబ్దం తగ్గుతుందంతే. వాల్వు ఆంప్ వ్యవహారం వేరు. దాని చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అది ఓమ్‌లు కుదిరితేనే సుఖంగా ఉంటుంది. స్పీకర్ వైరు తీసేసి వాల్వు ఆంప్‌ను వాయిస్తే, పోయే దారి లేని శక్తి ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజిగా ఎగసి, లోపలి పూతను చీల్చేయగలదు. 16 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 8, నాలుగింటిని రెండేసి జతలుగా కలిపితే మళ్లీ 16. మార్షల్ పెట్టెల్లో ఉన్నది ఈ రెండో పద్ధతే.

అసలు స్పీకర్ ఓమ్‌లు ఒక స్థిరమైన అంకె కూడా కాదు. తన సహజ అనునాదం దగ్గర, గ్రీన్‌బ్యాక్ అయితే 75 హెర్ట్జ్ దగ్గర, కోన్ ఊయలలా సులువుగా ఊగుతుంది. అక్కడ ఓమ్‌లు 8 నుంచి పదుల్లోకి లేస్తాయి. పైస్వరాల వైపు కాయిల్ స్వభావం వల్ల మళ్లీ మెల్లగా పెరుగుతాయి. ట్రాన్సిస్టర్ ఆంప్ చాలావరకు వీటిని పట్టించుకోదు. వాల్వు ఆంప్ పట్టించుకుంటుంది. ఓమ్‌లు లేచిన చోటల్లా అదీ లేస్తుంది, మంద్రం నిండుగా, పైభాగం మెరుగ్గా వస్తుంది. అందుకే ఒకే స్పీకర్ రెండు ఆంప్‌లలో రెండు రకాలుగా పలుకుతుంది. ఎవరో గొప్పగా చెప్పారని కొన్న స్పీకర్ మన దగ్గర చప్పగా ఉంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

మా మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. కాయిల్, కోన్ మార్చి ఇస్తావా అని అడిగాను.

“మారుస్త సార్, ఎందుకు మార్వ. కానీ దీని కోన్ నా దగ్గర లేదు. నేనేసేది మైక్‌సెట్‌ది. అప్పుడు ఈ సౌండ్ రాదు, ఇంకోటి వస్తది. మీ ఇష్టం.”

వ్యాపారం పోగొట్టుకునే మాట అది. చెప్పాడు. నూరేళ్ల స్పీకర్ శాస్త్రంలో గిటార్‌వాడికి కావలసింది అందులోనే ఉంది. కొత్త స్పీకర్‌కు డబ్బు చూసుకోవడం ఆ రోజే మొదలుపెట్టాను.

కొత్తది వచ్చాక మార్చడానికి గంట కూడా పట్టలేదు. ఆంప్ ప్లగ్గు పీకి, లోపలి కెపాసిటర్ల జోలికి పోకుండా, వెనక పలకల మరలు తీసి, స్పీకర్ రెండు వైర్లూ లాగి, నాలుగు బోల్టులు విప్పాను. పాతది చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. కొత్తది బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుకుంటూ రావాలి. ఒకవైపే గట్టిగా బిగిస్తే చట్రం మెలి తిరిగి, కాయిల్ సందులో పక్కకు తగులుతుంది. స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతం ఎలా లాగేస్తుందో అనుభవమైతే గానీ తెలీదు. జారిందా, కోన్‌లో బొక్క. డేవ్ డేవీస్ వరసలో మన పేరూ చేరుతుంది.

మొదటి స్వరానికే ఇరుకు పోయింది. డబ్బా మూత ఎవరో తీసినట్టు. కానీ ఆంప్‌కు తిన్నగా ఎదురుగా కూర్చుంటే పైస్వరాలు సూదుల్లా దిగాయి. రెండడుగులు పక్కకు జరిగితే మెత్తబడ్డాయి. ఇందులో స్పీకర్ తప్పేమీ లేదు. 100 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం దాదాపు మూడున్నర మీటర్లు, అది అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. 3,000 హెర్ట్జ్ తరంగం 11 సెంటీమీటర్లే, తనకు రెండింతల పైన వెడల్పున్న కోన్ నుంచి అది టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. చాలామంది గిటారిస్టులు ఆంప్‌ను నేల మీద పెట్టి నిలబడి వాయిస్తారు. మోకాళ్లకు మిలమిల వినబడుతుంది, చెవులకు వినబడదు. చాలట్లేదనుకుని ట్రెబుల్ ఇంకా పెంచుతారు. ముందు వరస శ్రోతలు అనుభవిస్తారు. నేను ఆంప్‌ను ఒక కుర్చీ మీదికెక్కించి, కాస్త పక్కకు తిప్పాను. నాకు నా చెవుల ఎత్తులో వినబడింది, సూదులు పుస్తకాల అలమారకేసి పోయాయి.

కొన్ని ఆశలు తీరలేదు, అదీ చెప్పాలి. నా పెట్టె వెనక పలకల మధ్య తెరిచే ఉంటుంది. కోన్ వెనక నుంచి వెళ్లే తరంగం ముందుదానికి సరిగ్గా వ్యతిరేకం, మంద్రంలో ఆ రెండూ కలుసుకుని ఒకదాన్నొకటి తినేస్తాయి. మార్షల్ మూసిన పెట్టెలా గుండెల మీద గుద్దే శబ్దం కావాలంటే స్పీకర్ ఒక్కటే మారిస్తే రాదు. కొత్త స్పీకర్ పదీ ఇరవై గంటలు వాయిస్తే మెత్తబడుతుందనే మాటలో కొంత నిజముంది. అంచు, స్పైడర్ వదులై అనునాదం కొద్ది హెర్ట్జ్‌లు దిగుతుంది. మిగతాది మన చెవి అలవాటుపడటం. ఇప్పటి కుర్రాళ్లకు ఈ బరువులేవీ అక్కర్లేదు. ఒక స్పీకర్, ఒక పెట్టె, ఒక మైకు కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో ఒక చిన్న ఫైలుగా రికార్డు చేసి, ఆంప్‌ను ఆ ఫైలు మీదుగా హెడ్‌ఫోన్‌లోకి వింటున్నారు. వాళ్లు కూడా ఫైలు మార్చగానే గిటార్ మారిపోయిందని ఆశ్చర్యపోతుంటారు, పెడల్ మార్చినప్పుడు కూడా అంత ఆశ్చర్యం ఉండదు.

మూడో రోజు రాత్రి ఒక సంకటం వచ్చింది. ఐదో తీగ ఊరికే మీటితే, అంటే 110 హెర్ట్జ్ దగ్గర, సన్నటి జిర్రుమనే చప్పుడు. పక్క స్వరాలకు లేదు. ప్రాణం ఉసూరుమంది. బోల్టులు బిగించి చూశాను, వదులు చేసి చూశాను. కోఠిలో చూసినట్టే రెండు చేతుల వేళ్లూ ఆనించి కోన్ నొక్కి, చెవి పెట్టి విన్నాను. ఏమీ రాయడం లేదు. వెనక పలకలు తీసేసి వాయించాను. ఉంది. ఆంప్‌ను గది మధ్యలోకి జరిపాను. ఉంది, కాకపోతే ఇప్పుడు ఎడమవైపు నుంచి. ఒక చేత్తో తీగ మీటుతూ, మెడ చాచి, చప్పుడు వెంట నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. పాత స్పీకర్ ఆరేళ్లుగా ఎన్నడూ కదపలేకపోయినది అక్కడ, మూడో అర మీద వణుకుతోంది. ఇడ్లీ కుక్కర్ మూత.